అమ్ముడుపోనివాళ్ల కప్పు

ఆఫ్రికా ఫుట్‌బాల్ ఆటగాళ్లు రెండు రకాలు. యూరప్ కొనుక్కున్నవాళ్లు, యూరప్ కంట ఇంకా పడనివాళ్లు. మొదటి రకానికి ఆఫ్రికా కప్పు ఉంది, శనివారం రాత్రి టీవీలున్నాయి, సలా అనీ మానే అనీ వీపు మీద పేరు వేయించుకుని తిరిగే కుర్రాళ్లు హైదరాబాద్ దాకా ఉన్నారు. రెండో రకానికి ఏమీ లేదు పాపం అని ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యకు, అదే కాఫ్‌కు, ఒకనాడు జాలి పుట్టింది. 2009లో ఐవరీ కోస్ట్‌లో ఎనిమిది జట్లను పోగేసి ఒక టోర్నమెంటు పెట్టింది. పూర్తి పేరు ఆఫ్రికన్ నేషన్స్ చాంపియన్‌షిప్, వాడుక పేరు చాన్. నియమం ఒక్కటే: ఆటగాడు తన దేశపు క్లబ్బుకే ఆడుతూ ఉండాలి. సరిహద్దు దాటాడా, అనర్హుడు.

ఈ నియమాన్ని కాస్త తీరిగ్గా చూడండి. లోకంలో మిగతా టోర్నమెంట్లన్నీ నువ్వేం చెయ్యగలవో అడుగుతాయి. ఇదొక్కటే నీకేం జరగలేదో అడుగుతుంది. నిన్నెవరూ కొనలేదు కదా? అయితే లోపలికి రా నాయనా. ఫ్రాన్స్‌లో ఏదో చిన్న క్లబ్బు బెంచీ మీద నెలల తరబడి చలికాచుకుంటున్నవాడు అనర్హుడు, ఎందుకంటే వాడు పైకొచ్చేశాడు. పోనీ యూరప్ దాకా వెళ్లలేక పక్కనే ఉన్న టాంజానియా క్లబ్బులో చేరిన కెన్యా కుర్రాడు? వాడూ అనర్హుడే. ప్రారంభోత్సవాల్లో ఆఫ్రికా ఐక్యత మీద ఉపన్యాసాలకు లోటుండదు. ఆ ఐక్యతను నమ్మి పొరుగు దేశంలో పని వెతుక్కున్నవాడు మాత్రం ఆ ఉపన్యాసాన్ని టీవీలో వినాలి.

ఇంకో ముచ్చట. ఇంటిపట్టున ఉండాలన్న నిబంధన ఆటగాళ్లకే, కోచ్‌కి కాదు. 2014లో దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టిన లిబియా జట్టుకు కోచ్ స్పెయిన్ పెద్దాయన హవియెర్ క్లెమెంటే. 2025లో సూడాన్ కోచ్ ఘనా మనిషి క్వేసీ అప్పియా. కెన్యా కోచ్ దక్షిణాఫ్రికాకు చెందిన బెన్నీ మెకార్తీ, అదీ పోర్చుగల్ క్లబ్బు పోర్టోతో యూరప్ చాంపియన్స్ లీగ్ గెలిచినవాడు. ముగ్గురూ పని తెలిసినవాళ్లే, కాదనను. కానీ ఇంట్లోనే ఉండరా బాబూ, మన లీగే మనకు ముద్దు అని కుర్రాళ్లకు నేర్పడానికి పరాయి దేశం నుంచి మనిషిని పిలిపించాల్సి రావడం, అందులోనూ మెకార్తీ గొప్పతనమంతా ఇల్లు వదిలాకే వచ్చినది కావడం, కాఫ్ వాళ్లకు తప్ప ఇంకెవరికీ సాధ్యంకాని హాస్యం.

తేదీల సంగతికొద్దాం. చాన్ 2020 జరిగింది 2021లో. చాన్ 2022 జరిగింది 2023లో. చాన్ 2024 జరిగింది 2025లో. మొదటిసారి కరోనా, సరే. ఆ తర్వాత అలవాటైపోయినట్టుంది. చాన్ 2024 నిజానికి 2025 ఫిబ్రవరి 1న కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో మొదలవ్వాలి. మైదానాలు పూర్తి కాలేదని జనవరి 14న ఆగస్టుకు వాయిదా వేశారు. మర్నాడు, జనవరి 15న, నైరోబీలో దర్జాగా డ్రా తీశారు. ఆట లేదు, ఎవరితో ఎవరు ఆడాలో మాత్రం తేలిపోయింది.

ఇదే కెన్యాకు ఇదివరకు 2018 టోర్నమెంటు ఇచ్చి, స్టేడియంలు సిద్ధం కాలేదని 2017 సెప్టెంబరులో లాక్కుని మొరాకో చేతిలో పెట్టారు. మరి ఈసారి ఇంత ఓపిక దేనికంటే, 2027 ఆఫ్రికా కప్పు ఈ మూడు దేశాల్లోనే. అసలు దొరలు దిగేలోపు గేట్లు తెరుచుకుంటున్నాయో లేదో, కుళాయిల్లో నీళ్లొస్తున్నాయో లేదో చూసుకోవాలి కదా. ఆ చూసుకునే పనికి ఇంటి కుర్రాళ్లు పనికొచ్చారు.

గేట్లు తెరుచుకోవడమేంటి, జనం తోసుకునే వచ్చేశారు. కెన్యా మ్యాచులకు నైరోబీ కసరానీ స్టేడియం దగ్గర టికెట్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకటై లోపలికి దూకారు. కాఫ్‌కు ఒళ్లు మండింది. జరిమానాలు వేసింది. 48 వేల మంది పట్టే స్టేడియంలో 27 వేల మందికే టికెట్లు అమ్మాలంది. భద్రత ముఖ్యమే, తొక్కిసలాటలో ప్రాణాలు పోతే ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అయినా మా సొంత లీగు ఆటగాళ్లను చూడ్డానికి పిట్టమనిషి రావడం లేదని పదహారేళ్లు వాపోయినవాళ్లు, జనం వచ్చిన మొదటి వారంలోనే ఎందుకింతమంది వచ్చారని శిక్ష వెయ్యడం చూస్తే, పాపం, ఆ జనానికి అభిమానం ఎంత మోతాదులో చూపించాలో ఎవరూ ముందు చెప్పలేదనిపిస్తుంది.

కెన్యా అధ్యక్షుడు విలియం రూటో మాత్రం మోతాదు చూసుకోలేదు. గ్రూప్ దశలో గెలిచిన ప్రతి మ్యాచుకూ తలా పది లక్షల షిల్లింగులన్నారు. డ్రా అయితే ఐదు లక్షలు. కుర్రాళ్లు మొరాకోనే ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరేసరికి పాట పెరిగింది: ఈ మ్యాచ్ గెలిస్తే పది లక్షలు, దాంతోపాటు ఒక్కొక్కరికీ రెండు పడగ్గదుల ఇల్లు. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు అనగానే తెలంగాణ పాఠకులకు ఒళ్లు ఝల్లుమని ఉంటుంది. కంగారు పడకండి, అక్కడ లబ్ధిదారుల జాబితా దాకా వ్యవహారం రాలేదు. మడగాస్కర్ పెనాల్టీల్లో కెన్యాను ఇంటికి పంపింది. ఇంటి ఆటగాళ్లకు ఇల్లు చేతిదాకా వచ్చి జారిపోయింది.

ఇంత ఉదారమైన ప్రభుత్వం నీడలో కెన్యా లీగు ఎలా బతికిందో కూడా చెప్పుకోవాలి. 2019లో పన్ను గొడవతో బెట్టింగ్ కంపెనీ స్పోర్ట్‌పెసా స్పాన్సర్‌షిప్ మానేసి వెళ్లిపోతే దేశంలోకెల్లా పెద్ద క్లబ్బులైన గోర్ మహియా, ఏఎఫ్‌సీ లెపర్డ్స్ దిక్కులు చూశాయి. 2021 నవంబరులో ప్రభుత్వమే ఫుట్‌బాల్ ఫెడరేషన్ పాలకవర్గాన్ని రద్దు చేస్తే, 2022 ఫిబ్రవరిలో ఫిఫా వచ్చి దేశాన్నే సస్పెండ్ చేసింది. ఏడాది పొడవునా క్లబ్బు జీతం సక్రమంగా ఇచ్చే ఏర్పాటుకు ఎవరూ రిబ్బన్ కత్తిరించరు, కెమెరాలు రావు. జాతీయ జట్టు డ్రెస్సింగ్ రూములో నిలబడి లక్షలు ప్రకటిస్తే వస్తాయి.

ఇప్పుడు మొరాకో, అల్జీరియా. 2021 సెప్టెంబరులో అల్జీరియా తన ఆకాశాన్ని మొరాకో విమానాలకు మూసేసింది. 2023 జనవరిలో చాన్ జరిగింది అల్జీరియాలోనే. వరుసగా రెండుసార్లు కప్పు కొట్టిన మొరాకో మ్యాచులు కాన్‌స్టాంటైన్‌లో పడ్డాయి. మా జాతీయ విమానంలో రబాత్ నుంచి నేరుగా వస్తాం, దారివ్వండి అంది మొరాకో. రండి, కానీ నేరుగా కాదు అంది అల్జీరియా. జట్టు పెట్టేబేడా సర్దుకుని రబాత్ విమానాశ్రయం దాకా వెళ్లింది, అనుమతి రాలేదు, తిరిగొచ్చింది. మొరాకో లేకుండానే ఆ గ్రూపు మూడు జట్లతో నడిచింది. ఇల్లు వదలనివాళ్ల టోర్నమెంటు అన్నారు కాబట్టి, డిఫెండింగ్ చాంపియన్లు నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారనుకోవాలి.

అల్జీరియాలో ఆ టోర్నమెంటు మొదలైన స్టేడియానికి నెల్సన్ మండేలా పేరు. ప్రారంభోత్సవంలో ఆయన మనవడు మాండ్లా మండేలా, మొరాకో తనదేననే పశ్చిమ సహారా విముక్తి గురించి మాట్లాడారు, రబాత్ భగ్గుమంది. ఇన్ని యుద్ధాల మధ్య ఎవరికో గుర్తొచ్చి బంతి కూడా తన్నారు. సెనెగల్ గెలిచింది.

నాకు చాన్‌లో అన్నిటికన్నా మింగుడుపడనిది సూడాన్ కథ. 2023 ఏప్రిల్‌లో అక్కడ సైన్యానికీ పారామిలటరీ దళానికీ యుద్ధం మొదలైంది. ఖార్తూమ్, దాని జంట నగరం ఒమ్‌దుర్మాన్ నేలమట్టమయ్యాయి. లీగు ఆగిపోయింది. దేశంలోని రెండు మహా క్లబ్బులు, అల్ హిలాల్, అల్ మెర్రీఖ్, బతుకు జీవుడా అని ఖండం ఆ చివర, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న మౌరిటానియాకు వెళ్లి 2024-25 సీజన్ అంతా ఆ దేశపు లీగులో అతిథులుగా ఆడాయి. పగలు ప్రాక్టీసు, రాత్రి ఫోను: ఇంట్లో ఎవరున్నారు, ఏ వీధి దాటొచ్చారు, కరెంటుందా. ఆ ఆటగాళ్లు 2025 ఆగస్టులో ఎక్కడ తేలారంటారా? స్వదేశంలో ఉండి ఆడేవాళ్ల కప్పులో. క్లబ్బు పేరు ఏ దేశపు రికార్డులో ఉంటే ఆటగాడి ఇల్లు అక్కడే అని రూలు. పైకప్పు ఉందా, గోడలున్నాయా అన్న కాలమ్ దరఖాస్తులో లేదు.

ఆ జట్టు జాంజిబార్‌లో నైజీరియాను 4-0తో చితక్కొట్టింది. ఇరవై కోట్లకు పైబడిన జనం, ఖండాలు దాటించి ఆటగాళ్లను ఎగుమతి చేసే దేశం, యుద్ధంలో లీగు పోగొట్టుకున్నవాళ్ల చేతిలో నాలుగు తిన్నది. తర్వాత అల్జీరియాను పెనాల్టీల్లో పడగొట్టి సెమీఫైనల్‌కు వెళ్లింది సూడాన్. మడగాస్కర్ అదనపు సమయంలో ఒక గోల్ కొట్టింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఫైనల్లో జాతీయగీతం పాడించి, మీ దేశవాళీ ఫుట్‌బాల్ ప్రగతికి అభినందనలు అంటూ పెద్దలు చేతులు కలిపేవారు, నవ్వకుండా.

దేశవాళీ ఆటగాళ్ల మీద పెద్దలకున్న ప్రేమ ఎంతటిదో 2014లో దక్షిణాఫ్రికా చూపించింది. సొంతగడ్డ మీద నైజీరియా చేతిలో 3-1తో ఓడి జట్టు గ్రూపు దశలోనే నిష్క్రమిస్తే, అప్పటి క్రీడా మంత్రి ఫికిలే ఎంబలూలా మీడియా ముందు వాళ్లను ఓటమి సరుకు అని, పనికిమాలిన గుంపు అని తిట్టిపోశారు. ఆ లీగు ఆయన దేశానిదే, ఆ శాఖ ఆయనదే. ఇంటి కోడిని పుంజుగా పెంచనివాడే పందెంలో ఓడిందని దాని మెడ విరిచాడు.

ఇక డబ్బు. 2025లో చాన్ విజేతకు 35 లక్షల డాలర్లు, మునుపటికన్నా 75 శాతం పెంచామని కాఫ్ సగర్వంగా చెప్పింది. పెంచింది నిజమే. 2024 ఆరంభంలో ఆఫ్రికా కప్పు గెలిచిన ఐవరీ కోస్ట్‌కు ఇచ్చింది 70 లక్షలు. లెక్క సరిగ్గా సగం. విదేశం నుంచి రెండేళ్లకోసారి దిగే కొడుకు రూపాయి, ఇంటిని అంటిపెట్టుకున్న కొడుకు అర్ధరూపాయి. ఆడపిల్లల సంగతి అడక్కపోవడం మంచిది, 2025 జూలైలో మహిళల ఆఫ్రికా కప్పు గెలిచిన నైజీరియాకు దక్కింది 10 లక్షలు.

అయితే అసలు బహుమతి ఈ డబ్బు కాదు. 2018లో మొరాకోలో జరిగిన చాన్‌లో బెర్కాన్ క్లబ్బు కుర్రాడు అయూబ్ ఎల్ కాబీ ఒక్కడే 9 గోల్స్ కొట్టాడు. ఫైనల్లో మొరాకో నైజీరియాను 4-0తో ఓడించింది. ఆరు నెలలు తిరక్కుండా ఎల్ కాబీ రష్యాలో ప్రపంచ కప్పు ఆడి, అక్కణ్నుంచి చైనా క్లబ్బుకు వెళ్లిపోయాడు. తర్వాత టర్కీ, ఖతార్, గ్రీస్. 2024 మేలో ఏథెన్స్‌లో ఫియోరెంటినా మీద 116వ నిమిషంలో గోల్ కొట్టి ఒలింపియాకోస్‌కు కాన్ఫరెన్స్ లీగ్ గెలిపించాడు. చాన్ తయారుచేసిన మహా ఆటగాడు అతనే. అతన్ని కాఫ్ చూపించుకుంటుంది, చూపించుకోవాలి కూడా. ఈ టోర్నమెంటులో అంత బాగా ఆడాడు కాబట్టే, విదేశీ క్లబ్బులో ఉన్నన్నాళ్లూ దీన్లో ఆడే అర్హత లేకుండా పోయింది. 2016 ఫైనల్లో డీఆర్ కాంగో తరఫున రెండు గోల్స్ కొట్టిన మెషాక్ ఎలియా సైతం స్విట్జర్లాండ్ చేరాడు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికుంది? నెలనెలా జీతం పడే చోటికి మనిషి వెళ్తాడు. కానీ ఇంట్లో ఉన్నందుకు కప్పు పెట్టి, గెలిచినవాడికి బయటికి దారి చూపించి, దాన్ని దేశవాళీ లీగుల అభివృద్ధి అని ఏటా నివేదికల్లో రాసుకోవడానికి వేరే ప్రతిభ కావాలి.

ఆఫ్రికా కప్పు అంటే యూరప్ క్లబ్బులకు ఎంత మంటో అందరికీ తెలుసు. సీజన్ మధ్యలో మా ఆటగాళ్లను లాక్కుపోతారని ప్రతిసారీ గోల. ఫిఫా తన క్లబ్ ప్రపంచ కప్పును 2025 వేసవిలో పెట్టుకుంటే ఆఫ్రికా కప్పు నోరు మూసుకుని క్రిస్మస్ రోజుల్లోకి జరిగింది. డిసెంబరు 21న మొదలయ్యే టోర్నమెంటుకు ఆటగాళ్లను 15వ తేదీన వదిలితే చాలని ఫిఫా క్లబ్బులకు వెసులుబాటిచ్చింది. 2028 తర్వాత నాలుగేళ్లకోసారే ఆడతామని కాఫ్ అధ్యక్షుడు పాట్రిస్ మొట్సెపే ప్రకటించారు.

మరి చాన్ మీద ఏ యూరప్ క్లబ్బయినా ఎప్పుడైనా గొంతెత్తిందా? ఎందుకెత్తుతుంది! తన మనిషి ఒక్కడూ అందులో లేడు, కావలసినవాళ్లందరూ అందులోనే ఉన్నారు. 2025లో నైరోబీలో ఫైనల్ మొరాకో, మడగాస్కర్ మధ్య 2-2 మీద ఊగుతుంటే, ఉసామా లమ్లియూయి గోల్‌కీపర్ ముందుకొచ్చి నిలబడ్డాడని చూసి చాలా దూరం నుంచి బంతిని అతని నెత్తిమీదుగా వలలో వేశాడు. మొరాకోకు మూడో కప్పు. అది ఆగస్టు 30, శనివారం. ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో ఆటగాళ్లను కొనే గడువు ముగిసింది సెప్టెంబరు 1, సోమవారం. ఇన్నేళ్లలో కాఫ్ సరిగ్గా వేళకు చేసిన పని ఇదొక్కటే.