క్రీడా సంఘం కార్యదర్శి అయ్యారా? ఈ చిట్కాలు మీకే

జిల్లా క్రీడా సంఘానికి కార్యదర్శిగా ఎన్నికైనందుకు ముందుగా అభినందనలు. మంచి కాలంలో పదవిలోకి వచ్చారు. కేంద్ర యువజన, క్రీడల శాఖకు 2025-26 బడ్జెట్‌లో దాదాపు రూ.3,794 కోట్లు కేటాయించారు. అందులో ఖేలో ఇండియా పథకానికే రూ.1,000 కోట్లు. రాష్ట్రం ఇచ్చేది వేరు, దాతలు ఇచ్చేది వేరు. ఇంత డబ్బు పైనుంచి దిగుతుంటే కొత్త కార్యదర్శులు కంగారుపడి మైదానానికి పరిగెడతారు. మీరా పని చేయకండి. డబ్బు మైదానం దాకా పోకుండా దారిలోనే క్షేమంగా ఆగేలా చూడటమే మీ బాధ్యత. ఈ చిట్కాలు శ్రద్ధగా పాటించండి. ఒక్క ఆటగాడూ తయారు కాకుండానే ఇరవై ఏళ్లు కుర్చీలో ఉంటారు.

1. ముందు లెటర్‌హెడ్ కొట్టించండి. అధ్యక్షుడిగా ఎమ్మెల్యేనో, వెంచర్లు వేసే పెద్దమనిషినో పెట్టండి. కోశాధికారిగా మీ బావమరిది చాలు. ఆట తెలిసినవాణ్ని మాత్రం కార్యవర్గంలోకి రానివ్వకండి. వాడు సమావేశం పెట్టిన ప్రతిసారీ స్పైక్స్ అంటాడు, గుడ్లు అంటాడు, పాలు అంటాడు. టీ చల్లారిపోతుంది.

2. మైదానానికి తాళం వేయండి. సింథటిక్ ట్రాక్ వేయడానికి కోట్లు అవుతాయి. పిల్లలు రోజూ దాని మీద పరిగెడితే అరిగిపోదూ? పొద్దున్నే ఐదింటికి బ్యాగు తగిలించుకుని వచ్చేవాళ్లకు వాచ్‌మన్ చేత "తాళం చెవి సార్ దగ్గరుంది" అని చెప్పించండి. సార్ ఎక్కడున్నారంటే "మీటింగ్‌లో ఉన్నారు" అనాలి. పది రోజులు ఇలా జరిగితే వాళ్లే బైపాస్ రోడ్డు మీద పరిగెత్తడం అలవాటు చేసుకుంటారు.

మైదానం ఖాళీగా పడి ఉంటుందన్న బెంగ వద్దు. సభలున్నాయి, ఎగ్జిబిషన్లున్నాయి, సంగీత విభావరులున్నాయి. 2019 మే 30న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో, 2023 డిసెంబరు 7న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ముఖ్యమంత్రులే ప్రమాణ స్వీకారం చేశారు. స్టేడియం దేనికి పనికొస్తుందో ఇంతకంటే ఎవరు చెప్పాలి? కుర్చీల లారీలను ట్రాక్ మీదుగానే పోనివ్వండి, చుట్టూ తిప్పితే డీజిల్ దండగ. ట్రాక్ చిరిగిందా, మరమ్మతుకు ఎస్టిమేట్ వేయించండి. చిరిగిన ప్రతిసారీ ఒక కొత్త పని మంజూరవుతుంది.

ఒక్క జాగ్రత్త. 2022లో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఆటగాళ్లను సాయంత్రం ఏడింటికే పంపేస్తున్నారనీ, ఆ తర్వాత ఒక ఐఏఎస్ అధికారి అక్కడ కుక్కను తిప్పుతున్నారనీ పత్రికలో వచ్చింది. ఆయన్ను లద్దాఖ్‌కు బదిలీ చేశారు. ఆయన ఫొటోగ్రాఫర్‌కు కనిపించారు, అదీ జరిగిన పొరపాటు. మీరు వెనక గేటు వాడండి.

3. పల్లెల్లో ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. బోర్డు పాతండి. 2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టమన్నప్పుడు తెలివైనవాళ్లు ముందు బోర్డునే నిలబెట్టారు. నేల చదును చేయకపోయినా బోర్డు ఫొటోలో చక్కగా పడుతుంది. చుట్టూ తుమ్మచెట్లుంటే నీడ అని రాసుకోవచ్చు.

4. టోర్నమెంటు అంటే ప్రారంభోత్సవం. ఖర్చుల పట్టీలో ముందు ఫ్లెక్సీలు, తర్వాత షామియానా, ఆ తర్వాత శాలువాలు, మెమెంటోలు, అతిథుల భోజనం. చివర ఏమైనా మిగిలితే బంతులు. ముఖ్య అతిథి పదకొండింటికి వస్తానంటే పిల్లల్ని ఏడింటికే ఎండలో వరసగా నిలబెట్టండి. ఓర్పు క్రీడాకారుడికి అవసరమే కదా. ఇద్దరు ముగ్గురు కళ్లు తిరిగి పడిపోతే గ్లూకోజు నీళ్లిచ్చి, ఆ బిల్లును వైద్య సదుపాయాల కింద చూపించండి.

పిల్లల భోజనం గురించి ఎక్కువ ఆలోచించకండి. 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సహరన్‌పూర్‌లో రాష్ట్రస్థాయి కబడ్డీ ఆడటానికి వచ్చిన అమ్మాయిలకు పెట్టాల్సిన అన్నాన్ని మరుగుదొడ్డిలో ఉంచారు. వీడియో బయటికి పొక్కి క్రీడాధికారి సస్పెండయ్యారు. గదికి కొదవ వచ్చినప్పుడు ఎక్కడో ఒకచోట పెట్టాలి, అందులో తప్పేముంది? సెల్‌ఫోన్లు లోపలికి రానిచ్చారు, అక్కడ చెడింది. మీరు గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని సంచిలో వేయించండి. ఏకాగ్రత కోసమని చెప్పండి.

5. సెలెక్షన్స్ నోటీసు ముందురోజు రాత్రి తొమ్మిదింటికి పెట్టండి, అదీ మీ వాట్సాప్ గ్రూపులోనే. కబడ్డీ జట్టుకు పన్నెండు మంది కావాలి, బరిలో దిగేది ఏడుగురే. ఆ ఏడుగురినీ ఆడగలిగినవాళ్లనే తీసుకోండి, లేకపోతే మొదటి రౌండ్లోనే తిరిగొచ్చి టీఏ డీఏ లెక్క తగ్గిపోతుంది. మిగతా ఐదు చోట్లే అసలు విలువైనవి. బెంచీ మీద కూర్చున్నవాడికీ సర్టిఫికెట్ ఒకటే. ఇంజినీరింగ్ సీటుకో, ఉద్యోగానికో స్పోర్ట్స్ కోటా కావాల్సిన అబ్బాయిలు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ల నాన్నలు మంచివాళ్లు, మర్యాద తెలిసినవాళ్లు. ఆ అబ్బాయికి కూత పెట్టడం రాకపోయినా ఫర్వాలేదు, జెర్సీ సైజు సరిపోతే చాలు.

6. వయసు తగ్గించండి. పదిహేడేళ్లవాణ్ని పద్నాలుగేళ్లలోపు పోటీలో దింపితే పతకం ఖాయం. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తామని ఎవరైనా వస్తే ఆ రోజు వాడికి జ్వరం. నిజంగా పద్నాలుగేళ్లున్న పిల్లవాడు వరసగా ఓడిపోయి ఆట మానేస్తాడు. మంచిదేగా, వచ్చే ఏడాది కిట్లు తక్కువ కొనొచ్చు.

7. ఉత్ప్రేరక మందుల విషయంలో మీరు గుమ్మం దగ్గర చెవి ఉంచితే చాలు. 2023లో మన దేశంలో తీసిన 5,606 శాంపిళ్లలో 213 దొరికిపోయాయని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా లెక్క. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా అధికారులు వచ్చారని తెలియగానే ఫైనలిస్టులు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు, ఒక్కడే గెలిచాడు. ఒక స్టీపుల్‌చేజ్ అమ్మాయి గీత దాటాక కూడా ఆగకుండా పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. వేగమంటే అది. అయితే మరుగుదొడ్డిలో సిరంజీలు వదిలేశారు, అది శుభ్రత లేకపోవడం. మీ పోటీల్లో చెత్తబుట్ట పెట్టించండి.

8. సర్క్యులర్లను బీరువాలో భద్రపరచండి. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లకు ఏడాదికి లక్షల రూపాయల సాయం, ఎనిమిదేళ్ల దాకా. అందులో నెలకు రూ.10,000 చేతి ఖర్చులకు, అదీ నేరుగా ఆ పిల్ల ఖాతాలోకే. మధ్యలో మన సంతకం లేదు, మన వాటా లేదు. అలాంటి కాగితం చదివి వినిపించడం వల్ల సంఘానికి ఏం లాభం? గడువు దాటాక బయటికి తీసి "అయ్యో, ముందే అడగాల్సిందమ్మా" అనండి. ఆప్యాయంగా అనండి.

9. కోచ్‌ను కాంట్రాక్టు మీద పెట్టి, జీతం నాలుగు నెలలకోసారి ఇవ్వండి. ఆకలితో ఉన్నవాడు గట్టిగా అరుస్తాడు, శిక్షణ బాగా జరుగుతున్నట్టు వినిపిస్తుంది.

10. పతకం వచ్చాక ముందు వరసలో ఉండండి. అంతకుముందు రూపాయి పెట్టకండి. పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. అక్కడ తయారైన పి.వి. సింధు 2016లో రియోలో రజతం తెచ్చాక తెలంగాణ రూ.5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ రూ.3 కోట్లు ప్రకటించాయి. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి భువనేశ్వర్ వెళ్లి సాధన చేసి, 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. పట్టుదల ఉన్నవాళ్లు ఎలాగోలా పైకొస్తారని తేలిపోయింది. వాళ్లకు ముందే సాయం చేసి ఆ పట్టుదల చెడగొట్టడం ఎందుకు? విమానం ఎన్నింటికి దిగుతుందో కనుక్కుని దండతో వెళ్లండి. ఫొటోలో పతకానికి దగ్గరగా నిలబడండి. మీ పేరు మర్నాటి పేపర్లో "ప్రోత్సహించినవారు" అని రావాలి.

11. పదవీకాలం అయిపోతే బెదరకండి. భార్యను కార్యదర్శిని చేసి మీరు గౌరవాధ్యక్షులు కండి. ఎదుటి వర్గం ఎదురు తిరిగితే అదే పేరుతో ఇంకో సంఘం పెట్టి కోర్టుకు వెళ్లండి. ఏ సంఘం ఎంపిక చెల్లుతుందో తెలియక పిల్లలు రెండేళ్లు ఇంట్లో కూర్చుంటారు, ఆ రెండేళ్లూ మీ పేరు కేసు కాగితాల మీద సజీవంగా ఉంటుంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఇలాంటి తగాదాలకు ట్రిబ్యునల్ పెట్టమంది. పెట్టనివ్వండి, ఢిల్లీ చాలా దూరం. సస్పెండ్ చేస్తారన్న భయమూ వద్దు. 2012 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘాన్నే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సస్పెండ్ చేసింది. 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో మనవాళ్లు ముగ్గురు త్రివర్ణం లేకుండా ఒలింపిక్ జెండా కింద నడిచారు. జెండా లేదని ఊరేగింపేమీ ఆగలేదు. కార్యవర్గం నిలబడితే చాలు.

12. ఇక నిధులు ఖర్చయ్యాయని ఇచ్చే వినియోగ ధ్రువపత్రం. మార్చి 31 సాయంత్రం కూర్చుంటే ఒక గంట పని. నిరుటి కాగితం తీసి సంవత్సరం మార్చండి. లబ్ధిదారుల సంఖ్య కాస్త పెంచండి, ప్రగతి కనిపించాలి.

ఇంకా సందేహాలుంటే మొహమాటపడకుండా పక్క జిల్లా కార్యదర్శిని అడగండి. ఆయన చాలా ఏళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నారు, సంతోషంగా చెబుతారు. మైదానంలో వెతక్కండి, అక్కడ ఉండరు.