పేరు లేని పాట – టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ పద్యం ఎవరు చెప్పారో తెలియదు. ఫోను పరిభాషలో కవి పేరు ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’. కాలనిర్ణయానికి మాత్రం పద్యంలోనే ఆధారాలున్నాయి. మూడో పాదంలో చిప్పు కనిపిస్తోంది కాబట్టి మెమరీ కార్డులు పల్లెలకు చేరిన తరువాతి రచన. తీగ కనిపిస్తోంది కాబట్టి బ్లూటూతుకు పూర్వపుదని కొందరంటారు. అది నిలవని వాదం. బ్లూటూతు వచ్చిన ఇంట్లో కూడా ఛార్జింగు తీగ కోసం తగువులు ఆగలేదు.

సందర్భాన్ని పెద్దలు ఇలా చెబుతారు. ఒక పెళ్లిలో, విడిదింట్లో, ఒక గృహస్థు “మన ఫోన్లో ఘంటసాల మొత్తం ఉన్నాడు” అని నలుగురిలో అన్నాడట. “అయితే ఒక పద్యం వినిపించండి బాబాయిగారూ” అన్నారు కుర్రవాళ్లు. ఆయన ఫోను తీసి తెరను పైకి జరిపాడు, కిందికి జరిపాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పైకి జరిపాడు. ఈలోగా భోజనాలకు పిలుపొచ్చింది. అందరూ లేచి వెళ్లారు. మిగిలిన కవి ఆశువుగా అందుకున్నాడు:

ఆ.వె.
పాట లున్న వనుచుఁ బరవశించఁగ నేల
పేరు లేని పాట పిలువ రాదు
తీగ గుచ్చి చిప్పు తిన్నగా నమరించి
యోర్చువాని చెవికి నొదుగుఁ బాట

ప్రతిపదార్థం

పాటలు = సీడీల నుంచి, క్యాసెట్ల నుంచి, బావమరిది పెన్‌డ్రైవు నుంచి సంక్రమించిన ఫైళ్లు; ఉన్నవి + అనుచున్ = ఉన్నాయి గదా అని; పరవశించఁగన్ + ఏల = పొంగిపోవడం దేనికి?; పేరు లేని పాట = ట్యాగు లేనిది, లేదా ట్యాగులో ‘ట్రాక్ 01’ అని మాత్రమే ఉన్నది; పిలువన్ + రాదు = పిలిస్తే పలకదు; తీగ = యూఎస్‌బీ కేబులును; గుచ్చి = కంప్యూటరుకు, ఫోనుకు తగిలించి; చిప్పు = మెమరీ కార్డును; తిన్నగాన్ + అమరించి = తిరగేయకుండా అరలో కూర్చోబెట్టి; ఓర్చువాని = ఇంత జరిగినా ఫోనును నేలకు కొట్టనివాడి; చెవికిన్ = చెవికి; పాట = కోరిన పాట; ఒదుగున్ = వచ్చి చేరుతుంది.

తాత్పర్యం

ఓ గృహస్థా! పాటలు నీ ఫోనులో ఉండటం వేరు, నీకు వినబడటం వేరు. ఫోను పాటను పాటగా ఎరగదు. దాని మీద అతికించిన చీటీని మాత్రమే చదువుతుంది. చీటీ రాయడం నీ పని. ఆ పని చేసినవాడికి పాటలు దక్కుతాయి, చేయనివాడికి మెమరీ నిండుతుంది.

విశేషాలు

మొదటి పాదం. పరవశం ఎందుకు కలిగిందో ముందు తెలియాలి. ఆడియో సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. ఆ లెక్కన నిమిషం పాటకు సుమారు 10 ఎంబీలు కావాలి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకుల కృషి ప్రధానంగా ఉన్న ఎంపీ3, మనిషి చెవి ఎలాగూ పట్టించుకోని భాగాలను వదిలేసి అదే నిమిషాన్ని దాదాపు ఒక ఎంబీకి కుదించింది. ఫైలు పేరు చివర ఆ మూడక్షరాల తోక 1995లో ఖాయమైంది. గంటంబావు పాటలు పట్టే పళ్లెంలో 12 గంటల పాటలు పట్టాయి. ఘంటసాల నూటేభై పాటలు ఒకే సీడీలో దొరికిన కాలం అదే. ఊళ్లో సెల్ షాపు ముందు ‘పాటలు ఎక్కించబడును’ అని బోర్డు వేలాడిన కాలమూ అదే. షాపు కుర్రాడు చిప్పు తీసుకుని, “పాతవా, కొత్తవా, భక్తా?” అని మూడే ప్రశ్నలు వేసి, అరగంటలో నింపి ఇచ్చేవాడు. ఏమేం ఎక్కాయో అతడూ చూడలేదు, మనమూ చూడలేదు. ‘అనుచు’ అన్న మాటలో కవి ఎత్తిపొడుపు ఇక్కడ ఉంది: ఉన్నాయని అనుకోవడమే తప్ప లెక్క చూసుకున్నది లేదు.

రెండో పాదం. పద్యానికి ప్రాణం ఇది. వ్యాఖ్యాతలు ఎక్కువసేపు ఆగవలసిన చోటు.

పాటకు పేరు ఎందుకు లేకపోయింది? ఆడియో సీడీలో మామూలుగా పాటల పేర్లు ఉండవు. ఎన్నో పాట ఎక్కడ మొదలవుతుందన్న పట్టిక ఉంటుంది. సీడీని కంప్యూటరులో పెడితే సాఫ్ట్‌వేరు ఆ పట్టికను నెట్టులోని జాబితాతో పోల్చి పేర్లు తెచ్చేది. ఇంట్లో నెట్టు లేనప్పుడు, ఉన్నా ఆ తెలుగు సీడీ జాబితాలో లేనప్పుడు, ‘ట్రాక్ 01, ట్రాక్ 02’ అని రాసి ఊరుకునేది. అలా పుట్టిన అనామకాలన్నీ ఫోనులో ఒకేచోట గుమిగూడతాయి. త్యాగరాజ కృతుల సీడీలో మొదటిది, ‘లవకుశ’లో మొదటిది, అమ్మాయి డాన్సు ప్రాక్టీసు సీడీలో మొదటిది వరసగా మోగుతాయి, ఆ తరువాత అన్నిటి రెండోవీ.

పేరు ఉన్నా చాలదు. ఎంపీ3 ఫైలుకు చీటీ అంటించే పద్ధతి 1996లో వచ్చింది. దానిని ఐడీ3 ట్యాగు అంటారు. ఫైలు చివర సరిగ్గా 128 బైట్ల జాగా: ట్యాగు మొదలైందని చెప్పే గుర్తుకు 3, పాటకు 30, పాడినవారికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీత జాతికి 1. కందపద్యం కన్నా కట్టుదిట్టమైన ఛందస్సు. తెలుగు లిపికి అందులో చోటు లేదు. రోమన్ అక్షరాల్లో రాయాలి, అదీ ముప్ఫైకి మించకుండా. సంగీత జాతులకు 80 పేర్ల జాబితా ఇచ్చారు. అందులో పోల్కా ఉంది; కర్ణాటక సంగీతం లేదు, హరికథ లేదు, పద్యనాటకం లేదు. తరువాత వచ్చిన రెండో తరం ట్యాగులో అన్ని లిపులకూ చోటు దొరికింది గానీ, అప్పటికే ఎక్కించిన పాటల చీటీలు ఎవరు తిరగరాస్తారు?

అందుకే ఘంటసాల ఒకచోట జీ పక్కన హెచ్‌తో, మరోచోట హెచ్ లేకుండా, ఇంకోచోట ఇంటిపేరుకు తోడు వెంకటేశ్వరరావుగా పూర్తి నామధేయంతో ఉంటాడు. మనకు ఒక్కడే, ఫోనుకు ముగ్గురు. తాళపత్ర పరిష్కర్తలకు పాఠాంతరాలు కొత్త కాదు. అయితే వాళ్లు సరైన పాఠం ఏదో తేల్చి, తక్కినవి పేజీ అడుగున చూపేవారు. ఫోను ముగ్గురికీ తలో జాబితా ఇచ్చి ఊరుకుంటుంది.

‘పిలువ రాదు’ అనేచోట శ్లేష. పిలిస్తే రాదని ఒక అర్థం. అసలు పిలవడానికే వీలు లేదని రెండో అర్థం. పేరు లేనిదాన్ని ఏమని పిలుస్తాం? ‘పాట పలుకరాదు’ అని కొన్ని ప్రతుల్లో ఉన్నది యతి చెడినందున గ్రాహ్యం కాదు.

మూడో పాదం. తీగలు చూపుకు ఒక్కలాగే ఉంటాయి, జాతులు రెండు. కరెంటు మాత్రమే మోసేవి ఒకటి, కరెంటుతో పాటు ఫైళ్లనూ మోసేవి రెండోది. మొదటిదాన్ని గుచ్చి గంటసేపు కంప్యూటరు వైపు చూసేవాడిని కవి దయతలచి వదిలేశాడు. రెండోదాన్ని గుచ్చినా, ఫోను ముందు ఛార్జింగు కోసమే అనుకుంటుంది. తెర పైనుంచి కిందికి లాగి, ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అన్నదాన్ని ముట్టుకుంటే తప్ప తలుపు తీయదు. కవి ‘గుచ్చి’ అని ఊరుకోక ‘తిన్నగా’ అని చేర్చడంలో ఈ సూక్ష్మం ఇమిడి ఉంది.

చిప్పు సంగతి మరింత జటిలం. ఐఫోన్లలో దానికి చోటు మొదటినుంచీ లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకే అర ఉంటుంది. అందులో రెండో సిమ్ము పెట్టుకోవాలి, లేదా చిప్పు పెట్టుకోవాలి. జియో కావాలో జావళి కావాలో తేల్చుకోవలసిన ధర్మసంకటం అది. ‘తీగ’ అంటే చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను తీగ అని కూడా అర్థం చెప్పవచ్చు. అయితే ఆ తీగను గుచ్చే బెజ్జం 2016లో ఐఫోన్ 7లోనూ, ఇంకా ఎన్నో ఫోన్లలోనూ పూడిపోయింది కాబట్టి, ‘గుచ్చి’ అన్న క్రియ ఆ అర్థంలో అందరికీ సాధ్యం కాదు.

నాలుగో పాదం. ఇంత చేశాక కూడా ఓర్పు ఎందుకు? కారణాలు నాలుగు.

ఒకటి: తెర ఆరిపోగానే బ్యాటరీ పొదుపు పేరుతో కొన్ని ఫోన్లు ప్లేయరు గొంతు నొక్కుతాయి. సెట్టింగ్సులోకి వెళ్లి ఆ యాప్‌కు మినహాయింపు ఇస్తే గానీ పల్లవి దాటి చరణంలోకి పోదు.

రెండు: ప్లేయరు పాటలనే వెతకదు; శబ్దమున్న ఫైలు ఏది దొరికినా తెచ్చి వరసలో నిలబెడుతుంది. సుప్రభాతం అయ్యీ అవగానే ఎవరో వాట్సాప్‌లో పంపిన చిట్కావైద్యం, ఆపైన బ్యాంకువాళ్లతో మాట్లాడిన కాల్ రికార్డింగు వినిపిస్తాయి. విరుగుడు ఉంది: వద్దనుకున్న ఫోల్డరులో ‘డాట్ నోమీడియా’ అన్న పేరుతో ఒక ఖాళీ ఫైలు పెడితే ఆండ్రాయిడ్ ఆ గడప తొక్కదు. దాచడానికి కూడా పేరే కావలసి వచ్చిందని గమనించాలి.

మూడు: ఎంపీ3 శబ్దాన్ని 1,152 నమూనాల ముక్కలుగా కోసి మూటకడుతుంది. చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుతుంది. సినిమా పాటల మధ్య అది తెలియదు. ఏకబిగిన సాగే హరికథనో, రాగం తానం పల్లవినో ముక్కలు చేసి ఎక్కించినప్పుడు, అతుకు అతుకు దగ్గరా దాసుగారికి ఎక్కిళ్లు వచ్చినట్టు తోస్తుంది. ఈ ఖాళీని దాటించే తెలివి ఉన్న ప్లేయర్లు ఉన్నాయి, వెతికి పెట్టుకోవాలి.

నాలుగు: గంటన్నర ప్రవచనం వింటూ మధ్యలో ఆపి వేరే పాటకు వెళ్తే, తిరిగి వచ్చినప్పుడు మొదటి శ్లోకం నుంచి మొదలుపెట్టే ప్లేయర్లున్నాయి. ఆపినచోటు గుర్తుపెట్టుకునేవి ఆడియో పుస్తకాల కోసం చేసిన యాప్‌లు. ప్రవచనాలను వాటికి అప్పగించడం ఉత్తమం.

శంకా సమాధానాలు

శంక: ఈ పాటలు గృహస్థుకు ఎలా వచ్చాయి?
సమాధానం: ఋషిమూలం, నదీమూలం, బావమరిది పెన్‌డ్రైవు మూలం విచారించరాదు. కొన్న సీడీని సొంతానికి ఎక్కించుకున్నవాడి నిద్రకు మాత్రం ఏ భంగమూ లేదు.

శంక: ఫోల్డర్లను ఉన్నవున్నట్టు చూపే ప్లేయర్లున్నాయి, వీఎల్‌సీయే చాలు. ట్యాగుతో పనేమిటి?
సమాధానం: సత్యమే. అయితే ఆ ఫోల్డరుకు ‘న్యూ ఫోల్డర్ 3’ అని కాక ‘కురుక్షేత్రం పద్యాలు’ అని రాసింది ఎవరు? అదీ నామకరణమే. చీటీ ఫైలు లోపల ఉన్నా, గుమ్మం మీద ఉన్నా ఒకటే.

శంక: ఇదంతా వృథా ప్రయాస. నెల చందా కడితే పాటలన్నీ నెట్టులోనే వస్తాయి. ఆపిల్ మ్యూజిక్ 2022లోనే 10 కోట్ల పాటలు చేరాయని చెప్పింది. నోటితో అడిగితే చాలు, పాడుతుంది.
సమాధానం: పూర్వపక్షి మాటలో సగం ఒప్పుకుంటున్నాం. అక్కడ పాట పిలిస్తే వస్తుంది. ఎందుకంటే చీటీలు రాసే చాకిరీ వాళ్లు చేశారు. మనం చందా కట్టేది పాటకే కాదు, ఆ చాకిరీకి కూడా. కాని చీటీ రాసినవాడి చేతిలోనే తాళం ఉంటుంది. కంపెనీల ఒప్పందం ముగిస్తే నిన్న విన్న పాట ఇవాళ బూడిదరంగుకు తిరుగుతుంది. స్పాటిఫైలో డౌన్‌లోడు చేసుకున్న పాటైనా 30 రోజులకోసారి నెట్టు తగలకపోతే మూగబోతుంది. సొంత పాటలనే మోసుకెళ్లి దాచుకోమని 50 వేల పాటలకు చోటిచ్చిన గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో తలుపులు మూసింది. దాచుకున్నవాళ్లు మూటలు విప్పి మరో ఇంటికి మార్చుకోవలసి వచ్చింది. ఇక, మీ ఊరి నాటక సమాజం శ్రీరామనవమి పందిట్లో పాడిన పద్యాలు, క్యాసెట్టులో మిగిలిన మీ నాన్నగారి గొంతు ఆ 10 కోట్లలో లేవు. వాటికి పేరు పెట్టగలవాడు లోకంలో మీరొక్కరే. గృహస్థు ధర్మం అక్కడ మొదలవుతుంది.

ఛందోలంకారాలు

ఛందస్సు ఆటవెలది. అలంకారం శ్లేష, రెండో పాదాన. రసం: మూడో పాదం దాకా కరుణ; నాలుగో పాదంలో శాంతం. మధ్యలో తీగ దొరకని వేళ రౌద్రం సంచరిస్తుంది గానీ కవి దాన్ని బయటపెట్టలేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చదివి, ఆదివారానికొక ఆల్బమ్ చొప్పున చీటీలు సరిచేసుకునేవారి ఫోనులో ఘంటసాలలు ముగ్గురూ ఒక్కరవుతారు. రెండో సిమ్ము పీడ తొలగుతుంది. పెళ్లిళ్లలో అడిగిన పాట భోజనాల పిలుపుకు ముందే మోగుతుంది. చదివి ఊరుకున్నవారికి పద్యం కంఠస్థం కావడం ఒక్కటే ఫలం. మొత్తం సరిచేసుకుని ఒకే చిప్పులో ఉంచినవారు, ఆ చిప్పు చెడిన రోజున మొదటి పాదం నుంచి పారాయణం మళ్లీ ప్రారంభించవలెను. కావున రెండో ప్రతి మరోచోట దాచుకొనవలెనని వ్యాఖ్యాత ఆజ్ఞ.