రాజుగారి కోట, బీరుగారి పోషణ

కోట యనునది శత్రువులనుండి రాజును కాపాడుటకై నిర్మింపబడునని చరిత్ర పాఠములలో చదివికొన్న అమాయకుడు డెన్మార్కులోని ఫ్రెడెరిక్స్‌బోర్గ్ కోటను చూడబోయినచో, రాజునుండి కోటను కాపాడుటకే అచట ఎక్కువ శ్రమ జరిగినదని గ్రహించి కలవరపడక తప్పదు.

కోపెన్‌హాగన్‌కు ఉత్తరమున హిల్లరోడ్ పట్టణపు సరస్సులో, మూడు చిన్న దీవులపై, నాలుగవ క్రిస్టియన్ రాజు పదునేడవ శతాబ్దారంభమున దీనిని ఎర్ర ఇటుకలతో కట్టించెను. 1620లో తమిళతీరపు తరంగంబాడిలో డేనిష్ కోట వెలసినదియు ఈయన ఏలుబడిలోనే. స్వదేశమున చలికి వడకు ప్రభువు ఓడలను పంపి ఎండను గూడ కొనజూచెను కాబోలు.

చుట్టును నీరుండినంత మాత్రమున శత్రువు రాకపోలేదు. 1659లో స్వీడన్‌వారు వచ్చి, ముంగిట అడ్రియాన్ డి వ్రీస్ పోతపోసిన నెప్ట్యూన్ ఫౌంటెన్ కాంస్యవిగ్రహములను ఊడదీసికొని పోయిరి. సముద్రాధిదేవతయే తన్ను తాను కాపాడుకొనలేనప్పుడు పాపము చెరువునేల నిందింపవలెను? ఆ విగ్రహములు నేడు స్టాక్‌హోమ్ చెంత డ్రోట్నింగ్‌హోమ్ రాజభవనమున, అదియు నీటియొడ్డుననే, కొలువుదీరి యుండగా, హిల్లరోడ్‌లో 1888 నాటి నకళ్లు నీరు చిమ్ముచున్నవి. మూలవిరాట్టు పొరుగూరికేగ, ఉత్సవవిగ్రహముతోనే నిత్యపూజలు సాగుచున్న గుడివంటి దన్నమాట.

శత్రువు విగ్రహములతో తృప్తిపడెను. ఏడవ ఫ్రెడెరిక్ రాజు అంతటితో తృప్తిపడువాడు కాడు. ఆయన కోటలో నివసించుచుండగా 1859 డిసెంబరులో, చలికాగుటకు రాజేసిన నిప్పు గదులను దాటి కప్పులకెగసి, ప్రధానభవనములలో పెక్కుభాగమును భస్మము గావించెను. ఆర్పుదమన్న సరస్సు గడ్డకట్టి యుండెను. కోట చుట్టును తరతరాలుగా నిండియున్న నీరు, అవసరమైన ఆ ఒక్క రాత్రి, ప్రభుత్వోద్యోగివలె కదలక కూర్చుండెనని చెప్పుటకు మాత్రము నాకు సాహసము చాలదు.

పిమ్మట చందాలెత్తిరి. రాజును, ప్రభుత్వమును, ప్రజలును ఇచ్చిరి. వారిలో ధారాళముగా చేయి విప్పి ఇచ్చినవాడు కార్ల్స్‌బర్గ్ బీరు కాచు జె.సి. జేకబ్‌సెన్. 1878లో కోటను జాతీయచరిత్ర మ్యూజియముగా మార్పించినదియు ఆయనయే. నేటికిని అది కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ ఆశ్రయముననే యున్నది. మద్యపు రాబడితో ప్రభుత్వములు నడచుట తెలుగువారికి వింత గాదు గాని, తాగినవాని రూకలు రాజుల పటములై గోడకెక్కుట మాత్రము వింతయే.

సరస్సుకు ఆవలియొడ్డున, 1720లలో యోహాన్ కోర్నీలియస్ క్రీగర్ తీర్చిన బరోక్ ఉద్యానము పాడుపడి, 1996లో మరల మొలకెత్తినది. పొదలను కత్తిరించి రాజులపేరి అక్షరములుగా నిలుపుట అచటి కళ. రాజ్యమున ఎవరును వినకున్నను, పొదలైన చెప్పినట్లు వినును.

కోటలోని చాపెల్ గోడలపై ‘ఏనుగు’ బిరుదము పొందిన మహనీయుల డాళ్లు వేలాడుచున్నవి. ఏనుగులు లేని దేశమున అత్యున్నత సత్కారమునకు ఏనుగు పేరేల పెట్టిరని అడుగరాదు; పద్మములు చూడనివారికి మనము పద్మములీయమా?

ఆ చాపెల్‌ను ఆనుకొన్న రాజుగారి ప్రార్థనాగదిలో జేకబ్‌సెన్ సొమ్ముతోనే కార్ల్ బ్లాఖ్ క్రీస్తు జీవితమును 23 చిత్రములుగా వ్రాసెను. అందొకటి కానా వివాహము: నీరు ద్రాక్షాసవమైన మహిమ. నీటిని యవాసవముగ మార్చి యుండినచో తనకింకను హితముగా నుండెడిదని బీరుగారు లోలోన నొచ్చుకొనిరో లేదో గాని, సొమ్ము మాత్రము పూర్తిగా చెల్లించిరి.