ఓడకే బీమా, సరుకుకి లేదు

2021 జులై 11న బండ్ల శిరీష అంతరిక్ష నౌకెక్కి 86 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి దిగినప్పుడు మా వీధిలో మైసూర్‌పాక్ పంచారు. ఆవిడ మూలాలు తెనాలివి కాబట్టి ఊరంతా కాలరెగరేసింది. నేనూ ఓ ముక్క నోట్లో వేసుకున్నాను గానీ, లోపల కాస్త కినుక లేకపోలేదు. ఆవిడ బరువు లేకుండా తేలింది కొద్ది నిమిషాలు. నేను పదకొండేళ్ళుగా రాత్రిళ్ళు అక్కడే కాపురముంటున్నాను. నాకో దండ లేదు, దుశ్శాలువా లేదు. పొద్దున్నే పాలబ్బాయి కూడా "ఎప్పుడు దిగారండీ?" అని అడిగిన పాపాన పోలేదు.

పగలు నేను రేపల్లెలో గుమాస్తాని. తెనాలిలో బండెక్కి చినరావూరు, జంపని, వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్ళి, సాయంత్రం అదే దారిన వచ్చేస్తాను. అన్నం తిని, పిల్లల లెక్కలు చూసి, లాప్‌టాప్ మూత తీశానంటే సరుకు ఓడకి కెప్టెన్ని. ఆట పేరు చెప్పను. చెప్తే శత్రువులకి నా అడ్రసు తెలిసిపోతుంది, చెప్పకపోతే మీకొచ్చే నష్టం ఏమీ లేదు. మెడకాయ మీద తలకాయున్న మనిషి నలభయ్యారేళ్ళ వయసులో ఈ పని ఎందుకు పెట్టుకుంటాడంటే, భూమ్మీద బిల్లులు, మామూళ్ళు, పైఅధికారులు, రియల్ ఎస్టేటు వీటన్నిటితో విసిగి పైకి పోదామని. తీరా పైకెళ్ళి చూద్దును కదా, అందరూ నాకంటే ముందే వచ్చి కుర్చీలేసుకుని కూర్చున్నారు.

ఈ జాతి ఆటలకి పెదనాన్నలాంటిది ఈవ్ ఆన్‌లైన్. 2003 మేలో ఐస్‌లాండ్ వాళ్ళు మొదలుపెట్టారు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ జనాభా తెనాలి కంటే తక్కువ. 2011 లెక్కల ప్రకారమే మనం లక్షా అరవై వేల పైచిలుకు. ఆంధ్రా ప్యారిస్ అని పేరు పెట్టుకుని మనం కాలవ గట్ల మీద కబుర్లు చెప్పుకుంటూ ఉండగా, అంత చిన్న ఊరువాళ్ళు ఏకంగా ఓ విశ్వాన్ని కట్టేసి దానికి నెలనెలా చందా వసూలు చేసుకుంటున్నారు. సరే, వాళ్ళ చలి వాళ్ళది, ఇంట్లోంచి బయటికి రాలేని దేశంలో ఇంతకంటే ఏం చేస్తారు.

ఆ ఈవ్‌లో ఓ నక్షత్ర మండలం మనదని చెప్పుకోవాలంటే ఎప్పటికప్పుడు బిల్లు కట్టాల్సి వచ్చేది. 2014 జనవరి 27న బీ-ఆర్‌ఫైవ్‌ఆర్‌బీ అనే నోరు తిరగని పేరున్న మండలంలో, దానంతటదే కట్టుబడి అయిపోతుందనుకున్న బిల్లు కట్టుబడి కాలేదు. మనకైతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోతాడు. అక్కడ శత్రు సైన్యం వచ్చింది. 7,500 మందికి పైగా ఆటగాళ్ళు, 21 గంటల యుద్ధం. టైటాన్లనే అతి పెద్ద ఓడలు 75 బుగ్గయిపోయాయి. నిజం డబ్బుల్లో లెక్కేస్తే 3 లక్షల డాలర్ల దాకా తేలింది. ఓ బిల్లు మర్చిపోయినందుకు! ఈ సంగతి మా ఆవిడకి చెప్పి తప్పు చేశాను. అప్పట్నించి కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా "ఏవండీ, టైటాన్లొస్తాయి, వెళ్ళి కట్టేసి రండి" అంటోంది.

ఆ 21 గంటలకి ఓ కిటుకుంది. ఒకేచోట ఓడలు వేలల్లో పోగైతే సర్వరు మోయలేదు. అందుకని కాలాన్నే నెమ్మది చేసేస్తారు. ఎంత నెమ్మదంటే, ఒక సెకనులో కావలసిన పనికి పది సెకన్లు. ఫిరంగి మీట నొక్కి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసరికి గుండు బయల్దేరుతూ ఉంటుంది. మిగతా దేశాల ఆటగాళ్ళు దీనికి జుట్టు పీక్కుంటారట. నాకు వింతేమీ అనిపించలేదు. రేపల్లె లైను సింగిల్ లైను. ఎదురు బండి ఉంటే మన బండి ఆగాలి. వేమూరులో ఆగిన పెట్టెలో వేరుశనక్కాయల పొట్లం విప్పి, పొట్టు ఊదుకుంటూ, ఎదుటాయన చెప్పే ఆస్తి తగాదా మొదట్నించీ చివరిదాకా విన్నవాడికి కాలం సాగడం గురించి ఐస్‌లాండ్ వాళ్ళు కొత్తగా చెప్పాల్సిందేముంది?

ఇక శాంతి భద్రతలు. పోలీసులున్న సురక్షిత ప్రాంతం అని ఒకటుంటుంది ఈవ్‌లో. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ రాళ్ళు తవ్వుకుని బతుకుతారు. ఎవడైనా మిమ్మల్ని కొడితే పోలీసులు సెకన్లలో దిగిపోతారు, కొట్టినవాడి ఓడని పేల్చిపారేస్తారు, వాడు ఎంతటి మొనగాడైనా తప్పించుకోలేడు. కాకపోతే ఈలోగా మీ ఓడ పోతుంది. పాత తెలుగు సినిమాలు చూసి పెరిగినవాడికి ఇదీ కొత్త కాదు. అక్కడే ఓ ముఠా కొన్నేళ్ళపాటు "ఈ రాళ్ళు తవ్వుకోవాలంటే మా దగ్గర పర్మిట్ తీసుకోవాలి, ఏడాదికి కోటి" అని కూర్చుంది. ఆట డబ్బుల్లో కోటే లెండి. పర్మిట్ ఉన్నవాడు ఎలా నడుచుకోవాలో నిబంధనావళి కూడా రాసిపెట్టారు. ఇసుక రేవుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళం, నిబంధనావళి ఒక్కటే మనకి కొత్త.

ఒకాయన నన్నడిగాడు, "గురువుగారూ, అంతరిక్షంలో ఏమైనా స్థలాలు దొరుకుతాయా?" అని. దొరుకుతాయి బాబూ, దొరక్కేం. స్టార్ సిటిజన్ అని ఇంకో ఆటుంది. 2012లో జనం దగ్గర డబ్బులు పోగుచేసి, 2014కల్లా ఇస్తామన్నారు. పోగైన సొమ్ము 70 కోట్ల డాలర్లు దాటింది, ఆట ఇంకా తయారవుతూనే ఉంది. ఈలోగా కట్టని ఓడలు బొమ్మ చూపించి అమ్మారు. 2017 నవంబరులో స్థలాలు పెట్టారు. నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు బిట్టు 50 డాలర్లు. అదే ఎనిమిదికి ఎనిమిది అయితే 100. చిన్న బిట్టే దగ్గర దగ్గర 4 వేల ఎకరాలు! ఎకరాల్లో చెప్పేసరికి అడిగినాయన కళ్ళు చెమర్చాయి. ఏ గ్రహంలో, ఎప్పుడు స్వాధీనం చేస్తారు అనేవి ఆ రోజుకి తేలని సంగతులు. ప్రీ లాంచ్ ఆఫర్ అనే మాట మన వెంచర్లవాళ్ళు కనిపెట్టారని ఇన్నాళ్ళూ గర్వపడేవాణ్ణి. అదీ పోయింది. అయితే ఒక్క విషయం ఒప్పుకోవాలి, ఆ 4 వేల ఎకరాల్లో అన్నదమ్ముల వాటాల పేచీ లేదు, లింకు డాక్యుమెంట్లు అడిగే నాథుడు లేడు.

నా సొంత గోడు చెప్పుకోవాలంటే మొదట వేళలు. మా ముఠాలో యూరప్‌వాళ్ళెక్కువ. వాళ్ళు ఆఫీసుల నించి వచ్చి, భోంచేసి, తీరిగ్గా యుద్ధం పెట్టుకుంటారు. అది మనకి రాత్రి ఒంటిగంటన్నర. పదకొండేళ్ళలో మధ్యాహ్నం పూట ఒక్క యుద్ధం ఎరగను. మా సేనాని ఫిన్లండ్ కుర్రాడు, పందొమ్మిదేళ్ళుంటాయి. మా అబ్బాయి కంటే మూడేళ్ళు పెద్ద. ఓసారి శ్రావణ శుక్రవారం, ఇంట్లో వ్రతం, రాలేనని రాస్తే "ఆ వ్రతం ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. పగలు మా సూపరింటెండెంటుగారు అడిగిందీ అదే ప్రశ్న. ఇద్దరికీ ఒకే జవాబు రాసి పంపించాను.

రెండోది నెట్టు. ఎవరి కనెక్షనో చెప్పను, తీగ స్తంభాల మీదనించే వస్తుంది. కిందటి వినాయకచవితికి నిమజ్జనం ఊరేగింపులో స్వామివారి కిరీటానికి తీగలు అడ్డొస్తున్నాయని ఓ కుర్రాడు వెదురు గడకి పంగలకర్ర కట్టి, ట్రాక్టరు మీద నించుని ఒక్కొక్క తీగే పైకెత్తుతున్నాడు. మేడ మీంచి చూస్తూనే ఉన్నాను. కరెంటు తీగ ఎత్తాడు, టీవీ తీగ ఎత్తాడు, సన్నగా నల్లగా ఉన్న మూడోది ఎత్తాడు. అది టప్పున తెగింది. లోపలికి పరిగెత్తేసరికి నా ఓడ నాలుగు కాంతి సంవత్సరాల అవతల, శత్రువుల గుమ్మం ముందు, చలనం లేకుండా నిలబడి ఉంది. విఘ్నాలు తొలగించే దేవుడే స్వయంగా వచ్చి చేసినదానికి ఎవరికి చెప్పుకోను?

2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ ఆటల చట్టం తెచ్చినప్పుడు మా సూపరింటెండెంటుగారు పేపరు మడిచి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు, "ఏమయ్యా, మీ ఆట ఆపేశారటగా" అని. చదివి చూశాను. డబ్బు పెట్టి, డబ్బు గెలుస్తామని ఆడేవాటికే నిషేధం. మా ఆటలో డబ్బు పెట్టడమే గానీ గెలవడం లేదు, కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, పేపరు నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు.

ఇంతా ఏడ్చి మానేయవచ్చు కదా అంటారు. నో మ్యాన్స్ స్కై అనే ఆట 2016లో వచ్చింది. చెప్పినవి సగం లేవని జనం దుమ్మెత్తి పోశారు. ఆ కంపెనీవాళ్ళు నోరు మూసుకుని పనిలో పడ్డారు. ఏళ్ళ తరబడి, పైసా అడక్కుండా, చెప్పినవీ చెప్పనివీ ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయారు. తిట్టినవాళ్ళే మెచ్చుకున్నారు. మాట్లాడకుండా పనిచేయడమనే పద్ధతి మన జిల్లాలకి ఇంకా రాలేదు గానీ, ఎక్కడో ఒకచోట ఉందని తెలిస్తే మనిషికి ఓ ధైర్యం.

రేక్యావిక్ హార్బరు దగ్గర 2014లో ఈవ్ ఆటగాళ్ళ పేర్లన్నీ చెక్కి స్మారకం కట్టారు. మన దగ్గర పేరు చెక్కాలంటే ముందు పోవాలి, అక్కడ చందా కట్టినా చాలు. తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. పేలిన ఓడల తుక్కు ఏరుకోవడం మా ఆటలో ఓ వృత్తే. ఈ రెండింటినీ కలిపే నాయకుడు పుట్టకపోతాడా అని నా ఆశ. విగ్రహానికి స్థలం కావాలంటే 50 డాలర్లకి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు.

2023 డిసెంబరు 5. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. ముందురోజే అత్తగారి ఊరు వెళ్ళి ఇరుక్కుపోయాం. బయట కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకుని ఊగుతున్నాయి. మావయ్యగారి వరి కోసి పనల మీద ఉంది. నేను ఆరు నెలలు తవ్విన సరుకంతా ఒకే ఓడలోకెక్కించి, ఫోను నెట్టుతో మెల్లిగా తోలుతున్నాను. సగం దారిలో సిగ్నల్ పోయింది. మర్నాడు మధ్యాహ్నం మిద్దెక్కితే రెండు గీతలొచ్చాయి. ఓడ లేదు. కొట్టినవాడు మర్యాదస్తుడు, "బాగా పోరాడావు" అని రాసి పెట్టాడు. నేను పోరాడిందేమీ లేదు, ఆ వేళకి అత్తగారితో కలిసి వంటింటి తలుపుకి గోనెసంచులు అడ్డం పెడుతున్నాను.

కిందికి దిగేసరికి మావయ్యగారు పొలం నించి వస్తున్నారు, మోకాళ్ళ దాకా బురద. అరుగు మీద కూర్చుని నా మొహం చూశారు.

"ఏం అల్లుడుగారూ, మీక్కూడా ఏదో పోయినట్టుంది?"

"ఓడండీ. తొంభై కోట్లు."

ఆయన తొణకలేదు. పిల్లనిచ్చి పదిహేడేళ్ళయింది, అలవాటు పడ్డారు.

"బీమా ఉందా?"

"ఓడకి ఉందండీ. సరుకుకి లేదు."

"ఊఁ" అని తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నారు. "మాకు రాసుకోడానికి ఎల్లుండొస్తామన్నారు. అప్పటికి మొలకలొచ్చేస్తాయి."

మరుసటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు కుప్ప నూర్చి గింజలు ఇంటికి చేరి ఉన్నాయి. మావయ్యగారు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"ఓడ మళ్ళీ కట్టారా?"

"కట్టానండీ. దానికంటే పెద్దది."

"ఏ దారిన తోలుతున్నారు?"

"అదే దారి."

ఆయన తలూపి, దాళ్వాకి నీళ్ళు వదుల్తారో లేదో కనుక్కుందామని చెప్పులేసుకున్నారు.