చేపల తొట్టికి కుళాయి నీళ్లు సిద్ధం చేయు విధానం

కుళాయి నీళ్లను చేపలకు పనికొచ్చేలా చేయడానికి కావలసినవి రెండు: ఆదివారం, తొందర. నీళ్లలో క్లోరిన్ కలిపేది మనుషుల కోసం. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది భారతీయ ప్రమాణం. అది మనిషి కడుపుకు మేలు, చేప మొప్పలకు మంట.

బకెట్లో పట్టి ఒకరోజు మూత లేకుండా వదిలేస్తే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. పైసా ఖర్చులేని పని కాబట్టి దీన్ని ఎవరూ చేయరు. పైగా బకెట్ ఖాళీగా ఉంటేగా! అందులో బట్టలు నానుతుంటాయి. అవి తీసి, నురగ పోయిందనిపించాక అదే బకెట్ తొట్టికి వాడతారు.

ఆగలేనివారికి హైపో ఉంది. సోడియం థయోసల్ఫేట్ పలుకులు; క్లోరిన్‌ను క్షణాల్లో విరిచేస్తాయి. లీటర్ల లెక్క అక్కర్లేదు, కూరలో ఉప్పులాగా చేతికొచ్చినంత వేస్తే సరి. నీళ్లలో ఉన్నది క్లోరమిన్ అయితే బకెట్లో ఒకరోజు ఉంచినా పోదు. హైపో వేస్తే అమ్మోనియా మిగులుతుంది. ఈ పేరా చదవకపోవడమే ఆనవాయితీ.

అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు మొత్తం ఒంపేయడం. చేపల్ని మగ్గులోకి మార్చి, గులకరాళ్లను రుద్ది, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద నురగ రాకుండా పోయేదాకా పిండాలి. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే, ఆ రాళ్లమీదే ఉంటుంది. అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పోవడానికి ఒక్క ఆదివారం చాలు. సాయంత్రానికి అద్దం మెరుస్తుంది, వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. రెండ్రోజులకు నీళ్లు పాలవిరుగుడులా మసకబారి, గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఆకలేస్తోందని ఇంకో చిటికెడు మేత వేస్తారు. వారానికి పావువంతు నీళ్లు మార్చి, తీసిన నీళ్లలోనే స్పాంజిని మెల్లగా జాడిస్తే ఈ బాధే లేదు. కానీ నీళ్లు కాస్త పచ్చగా కనిపిస్తే పరువు తక్కువ. కడిగేది చేపల కోసం కాదు, చూసేవాళ్ల కోసం. తొట్టిని హాల్లో పెట్టిన రోజే ఆ సంగతి తేలిపోయింది.

ఆర్వో నీళ్లు శ్రేష్ఠం. ఖనిజాలు లేవన్న ఫిర్యాదు చేపది. బోరు నీళ్ల కాఠిన్యం దానికే అలవాటవుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు పోస్తే హీటరు ఖర్చు కలిసొస్తుంది.

చేప పోతే షాపువాణ్ని తిట్టి, అక్కడే కొత్త జత కొనాలి. తెచ్చిన కవరును పావుగంట తొట్టిలో తేలనిచ్చాక చేపల్ని వదలాలంటారు. చుట్టూ పిల్లలుండగా అంతసేపు ఎవరాగుతారు?