మెయిడెన్ రాకముందు, వచ్చాక

ఈ కాలం పిల్లలకి బెంగళూరులో పెద్ద బ్యాండు వాయిస్తోందంటే అదొక వార్తే కాదు. ఫోన్లో టికెట్ కొంటారు, గేటు దగ్గర ఫోన్ చూపిస్తారు, పాటంతా ఫోన్లోంచే చూస్తారు. ఇంటికొచ్చి "సౌండ్ అంత బాలేదు" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. మా రోజుల్లో మేం వినే బ్యాండు ఈ దేశంలో అడుగుపెడుతుందనుకోవడమే అత్యాశ. 2007 మార్చి 17, శనివారం, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించింది. ఈ ఊళ్లో పాట వినే తీరు, కట్టే తీరు మారింది ఆ రాత్రి నుంచే. ఇక్కడ గిటారు పట్టుకున్నవాడికి ఆ సంగతి తెలియదంటే నేను ఊరుకోలేను.

అంతకుముందు ఎవరూ రాలేదని కాదు. 2002లో రోజర్ వాటర్స్ వచ్చాడు, 2003లో రోలింగ్ స్టోన్స్ ఇదే మైదానంలో వానలో వాయించి వెళ్లారు. గొప్పవాళ్లే, కాదనను. కానీ వాళ్లది మా అన్నల తరం. హెవీ మెటల్‌లో అంత పెద్ద బ్యాండు, ముందు ఏడాదే విడుదల చేసిన ఆల్బమ్ పట్టుకుని మన దగ్గరికి రావడం అదే మొదలు. పాతబడిపోయాక చివరి మజిలీగా రాలేదు, మంచి ఊపులో ఉండగా వచ్చారు. మాకు అది గౌరవంగా అనిపించింది.

దానికి ముందు మేం ఎలా విన్నామో చెప్పాలి. ఎవడి బంధువో దుబాయ్ నుంచో లండన్ నుంచో ఒక క్యాసెట్ తెస్తే, అది చేతులు మారి మారి మా దాకా వచ్చేది. టీడీకే తొంభై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవాళ్లం. నకలుకి నకలు, దానికి మళ్లీ నకలు. మా దాకా వచ్చేసరికి తాళాల మోత బుసలా వినిపించేది. గిటారు సోలో నేర్చుకోవడానికి అదే ముక్క వెనక్కి తిప్పి వెనక్కి తిప్పి వింటే టేపు అక్కడ సాగిపోయి స్వరం కిందికి జారేది. సాహిత్యం చెవికి తోచినట్టు నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లం. చేతిలో ఉన్నది కలకత్తా గివ్‌సన్ గిటారు. బేసు తీగలు చప్పబడితే కొత్తవి కొనే స్తోమత లేదు, విప్పి గిన్నెలో నీళ్లు పోసి మరిగించేవాళ్లం. జిడ్డు వదిలి మళ్లీ కొన్నాళ్లు మోగేవి. అమ్మ ఆ గిన్నెని వంటింట్లోకి రానిచ్చేది కాదు. మెయిడెన్ బొమ్మ ఎడ్డీ ఉన్న టీషర్టు కావాలంటే, బొమ్మలేసే స్నేహితుణ్ని బతిమాలి బట్టల రంగులతో వేయించుకోవడమే. రెండు ఉతుకులకి ఎడ్డీ దవడ పోయేది.

ఇదంతా చెబితే మా అబ్బాయి, "నాన్నా, అవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా" అంటాడు. ఉన్నాయిరా. ఉన్నాయి కాబట్టే ఒక పాట చివరిదాకా వినే ఓపిక నీకు లేదు.

ఆ శనివారం హైదరాబాదు నుంచి మా తమ్ముడి స్నేహితులు కాచిగూడ ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. ఈశాన్య రాష్ట్రాల నుంచి రోజుల తరబడి రైల్లో వచ్చిన కుర్రాళ్లు కూడా క్యూలో ఉన్నారు. ముందు ఢిల్లీ బ్యాండు పరిక్రమ, తర్వాత మెయిడెన్‌లో బేసు వాయించే స్టీవ్ హ్యారిస్ కూతురు లారెన్ హ్యారిస్ వాయించారు. ఎర్ర దుమ్ము, నల్ల చొక్కాలు. 'ఫియర్ ఆఫ్ ద డార్క్' మొదట్లో వచ్చే గిటారు వరస ఉంది చూశారూ, దానికి మాటలు లేవు. మైదానమంతా ఆ వరసనే గొంతెత్తి పాడింది. ఎవరూ నేర్పలేదు. సాగిపోయిన టేపుల్లో ఎక్కడెక్కడో విడివిడిగా విన్నవాళ్లం, అందరికీ ఒకే శ్రుతిలో వచ్చింది. నా పక్కనున్న పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఏం మారిందంటే, కాలేజీ పండగల్లో అంతదాకా స్టేజీ మీదకి ఎవడెక్కినా మెయిడెన్ పాటో మెటాలికా పాటో వాయించమని కేకలే. సొంత పాట మొదలుపెడితే గోల. అసలువాళ్లే వచ్చి వాయించి వెళ్లాక నకలు కోసం ఎవడు అరుస్తాడు? సొంత పాటలు కట్టేవాళ్లు ముందూ ఉన్నారు. 1998లో మొదలైన మన ఊరి బ్యాండు క్రిప్టోస్ అప్పటికే ఒక ఆల్బమ్ తెచ్చింది. వాళ్లని చెవిపెట్టి వినేవాళ్లు పెరిగారు. మెయిడెన్ పిలుపు మీద పరిక్రమ అదే ఏడాది ఇంగ్లండులో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో వాయించింది. 2013లో క్రిప్టోస్ జర్మనీ వెళ్లి వాకెన్ మెటల్ ఫెస్టివల్‌లో వాయించింది. ఈలోగా 2008లో మెగాడెత్ వచ్చింది, 2009లో మెయిడెనే మళ్లీ వచ్చింది. 2011లో మెటాలికా వచ్చినప్పుడు ముందు వాయించినవాళ్లలో మన ఊరి ఇన్నర్ శాంక్టమ్ ఉంది. ఇళ్లలో కూడా, జుట్టు పెంచిన కుర్రాణ్ని చెడిపోయినవాడిగా చూడటం కాస్త తగ్గింది.

నా కడుపుమంట దీని తర్వాతది. పెద్ద బ్యాండ్లకి తలుపులు తెరుచుకున్న ఆ ఏళ్లలోనే చిన్న వేదికలు మూతపడ్డాయి. 2005లో వచ్చిన లైవ్ బ్యాండ్ల లైసెన్సు ఉత్తర్వు ఎక్కుపెట్టింది డాన్స్ బార్ల మీద. అమలుకొచ్చేసరికి మూలన నలుగురు కుర్రాళ్లు గిటారు వాయించే పబ్బులు కూడా దాని కింద నలిగాయి. 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వు చెల్లుతుందంది. బ్యాండు ఎదిగేది వారం వారం అరవై మంది ముందు తప్పులు చేస్తూ వాయించినప్పుడు. ఆ అరవై మంది చోటు లేకపోతే రేపు పెద్ద వేదిక ఎక్కేదెవరు?

జనం కూడా మారిపోయారు. విదేశీ బ్యాండు టికెట్టుకి నెల జీతంలో సగం పెడతారు, మన బ్యాండు రెండొందలు అడిగితే "ఫ్రీ పాస్ లేదా?" అంటారు. ముందు వరుసలు డబ్బున్నవాళ్లకి కంచె కట్టి ఇస్తున్నారు, వాళ్లేమో స్టేజీకి వీపు పెట్టి సెల్ఫీలు. పాట ప్రాణంగా వినేవాడు ఎక్కడో వెనకాల తెర మీద చూసుకోవాలి.

మా అబ్బాయికి ఒక్కటే చెప్పాను. పెద్ద బ్యాండు రాత్రి ఎనిమిదికైతే నువ్వు అయిదుకే వెళ్లు. ముందు వాయించేది మన ఊరి పిల్లలు. ఖాళీ మైదానానికి వాయిస్తుంటారు వాళ్లు. 2007లో పరిక్రమ మొదలుపెట్టేసరికి కంచె దగ్గర మాకు ఊపిరాడలేదు.