అటకెక్కిన కానుకలు

మే నెల రెండో ఆదివారం వచ్చే మదర్స్ డే దగ్గర పడుతోందంటే తెలుగునాట రెండు పనులు జోరందుకుంటాయి. ఒకటి ఆవకాయ, రెండోది అమ్మ మీద ప్రేమ. మొదటిది అమ్మ చేస్తుంది, రెండోది ఫోనులో నడుస్తుంది. మామిడికాయలు ముక్కలు కొట్టించుకొచ్చి, జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, తడి లేకుండా గుడ్డతో ఒక్కో ముక్కా తుడుస్తూ ఆవిడ నేల మీద కూర్చునుంటుంది. సరిగ్గా అప్పుడే కొడుకు వాట్సాప్ స్టేటస్‌లో 'నువ్వే నా దేవతవు' అని పెడతాడు. దేవత చేతులకు కారం అంటుకుని ఉంటుంది కాబట్టి సాయంత్రం దాకా చూడదు. ఇంతవరకూ ఎందుకు చూడలేదని కొడుకు అలుగుతాడు.

ఈమధ్య ఈ పండక్కి ఓ కొత్త నిబంధన వచ్చి చేరింది. అమ్మకిచ్చే కానుక ఇంట్లో చోటు ఆక్రమించకూడదట. సామాను పెంచేది ప్రేమే కాదట. చదువుకున్న పిల్లలంతా దీని మీద తెగ ఆలోచిస్తున్నారు. సంతోషం. ఇన్నాళ్లూ ఆ ఇల్లు ఇరుకు చేసిందెవరో కూడా ఇదే ఊపులో తేల్చేస్తే ఓ పనైపోతుంది.

అనుమానం ఉన్నవాళ్లు ఓ స్టూలు వేసుకుని అమ్మ ఇంట్లో అటక ఎక్కండి. పురావస్తు శాఖ వాళ్లకు తవ్వకాల్లో దొరికినట్టు చరిత్రంతా పొరలు పొరలుగా దొరుకుతుంది. పైపొరలో పెట్టె విప్పని ఎయిర్ ఫ్రయర్. నూనె లేని గారెలు తిని ఆయుష్షు పెంచుకోమని కూతురు కొనిచ్చింది. నూనెలో వేగనిదాన్ని గారె అనడానికి అమ్మకు నోరు రాలేదు, పైకెక్కించింది. దాని కింద, తనంతట తానే ఇల్లు ఊడ్చే రోబో. అది గడప దాకా వెళ్లి, తల కొట్టుకుని, అక్కడే తిరుగుతూ ఉండేది. పనమ్మాయి దాన్ని జాలిగా చూసి, పక్కకు జరిపి చీపురు అందుకునేది. ఇంకాస్త కిందికి దిగితే అమెరికా పొర. అందులో 120 వోల్టుల జ్యూసర్. మన గోడలోంచి వచ్చేది 230. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలని చెప్పడం అబ్బాయి మరిచాడు, తొలిరోజే ఠప్పుమంది. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక నాన్నకు దాన్ని పారేయబుద్ధి కాలేదు. అట్టడుగున మనవడి ముఖం అచ్చేసిన కాఫీ మగ్గు, అదే ముఖంతో దిండు. తల పెడితే వాడి ముక్కెక్కడ నలుగుతుందోనని ఆ దిండుకు కవరు కూడా తీయలేదు.

ఇవి అందుకున్న ప్రతిసారీ అమ్మ అన్నది ఒకటే మాట: "ఇప్పుడివన్నీ ఎందుకురా, డబ్బులు దండగ." పిల్లలు దాన్ని మొహమాటం కింద జమకట్టారు. పాపం, ఆవిడ ఉన్నమాటే చెప్పింది.

సరే, ఇప్పుడు చోటు పట్టని కానుకల వంతు. స్పా కూపను, ధ్యానం నేర్పే యాప్‌కు ఏడాది చందా, చెవితో వినే పుస్తకాలు, ఎక్కడో ఓ గుట్ట మీద అమ్మ పేరిట మొక్క. చోటు పట్టని మాట నిజమే. కాకపోతే ఒక్కోదానికీ ఓ పాస్‌వర్డు, ఓ ఓటీపీ, ఓ అప్‌డేటు కావాలి. అమ్మ ఫోను సంగతి తెలిసిందే. తెల్లారకముందే అందే శుభోదయాలు, గులాబీలు, దేవుళ్ల బొమ్మలతో నిండిపోయి, ఇక చోటు లేదని అది రోజూ మొత్తుకుంటూనే ఉంటుంది. అటక మీది సామాను ఫోనులోకి మారింది, అంతే తేడా. స్పా గొడవ వేరు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల చేత కాళ్లు పట్టించుకోవడమేమిటని అమ్మ వెళ్లదు. గడువు దాటిపోయింది, డబ్బులు పోయాయని కూతురు చిరాకుపడుతుంది. "నువ్వే కాస్త పట్టరాదుటే" అన్న మాట అమ్మ నాలుక చివరిదాకా వచ్చి, కూతురికి మీటింగ్ ఉందని గుర్తొచ్చి ఆగిపోతుంది.

భక్తిగల పిల్లలు తిరుమల దర్శనం చేయిస్తామంటారు. మంచిదే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన కాసేపటికే హుష్‌కాకి. వాటిని పట్టగలిగినవాడు నిజంగా సుపుత్రుడే. ఆ సుపుత్రుడు టికెట్లు ప్రింటు తీసి చేతిలో పెట్టి, "నాకు సెలవు లేదమ్మా, నువ్వూ నాన్నా వెళ్లిరండి" అంటాడు. గది, బస్సు, మోకాళ్ల నొప్పులు, క్యూలో నాన్న విసుగు, అన్నీ అమ్మ ఖాతాలోకి. బంగారం సంగతి ఎత్తకపోవడమే మేలు. చోటు పట్టని వస్తువుల్లో అమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకునేది అదొక్కటే. 2025లో పది గ్రాములు లక్ష దాటాక, అమ్మకు అనుభవాలే పంచాలన్న జ్ఞానోదయం పిల్లలకు ఉన్నట్టుండి కలిగింది.

అసలు ఈ పండగ పెట్టిన ఆవిడ దీన్నంతా ముందే చూసేసింది. అన్నా జార్విస్ అనే అమెరికావిడ 1908లో, చనిపోయిన తల్లిని తలచుకుంటూ వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ ఊరి చర్చిలో తొలి కార్యక్రమం జరిపించింది. వచ్చినవాళ్లకు పంచమని 500 తెల్ల కార్నేషన్ పూలు పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ దాన్ని జాతీయ దినంగా ప్రకటించాడు. అంతే, పూలకొట్లవాళ్లు, కార్డుల కంపెనీలు, మిఠాయి వ్యాపారులు మూగారు. తాను పెట్టిన పండగ మీదే ఆవిడ యుద్ధం ప్రకటించింది. కోర్టులకెక్కింది, సభల మీదికి దూసుకెళ్లింది, 1925లో ఫిలడెల్ఫియాలో పూలమ్ముతున్న ఓ తల్లుల సంఘం సభలో గొడవచేసి అరెస్టయింది. ఆస్తంతా ఈ పోరాటంలోనే కరగదీసి 1948లో కన్నుమూసింది. పిల్లల్లేరు కాబట్టి, ఆవిడ అటక ఖాళీగానే ఉండి ఉంటుంది.

ఇల్లు సర్దుకోవడం ఎలాగో ప్రపంచానికి నేర్పిన జపాన్ ఆవిడ మారీ కొండో కథ ఇంకా బాగుంటుంది. పట్టుకుంటే సంతోషం కలిగించని వస్తువును సాగనంపమని చెప్పి పుస్తకాలు లక్షలకు లక్షలు అమ్మింది. మూడో బిడ్డ పుట్టాక, ఇంటి సర్దుడు దాదాపు వదిలేశానని 2023లో తానే చెప్పేసింది. ఇంట్లో సామాను ఎలా పెరుగుతుందో ఇంతకన్నా శాస్త్రీయంగా చెప్పినవాళ్లు లేరు. సామాను పిల్లలతో వస్తుంది. పిల్లలు వెళ్లిపోతారు, సామాను ఉండిపోతుంది.

అమ్మ ఇంట్లో అమ్మ సామాను ఏపాటిదో చూడండి. బీరువాలో ఓ అర చీరలు. మరో అరలో జాకెట్ ముక్కలు, అవి ఎవరి పేరంటంలోనో వచ్చాయి, మరెవరి పేరంటానికో పోతాయి, మధ్యలో మజిలీ చేస్తున్నాయి. దేవుడి మందిరం, మందుల డబ్బా. అంతే. మిగతాదంతా పిల్లలదే. పెద్దాడి ఎంసెట్ పుస్తకాలు ఇంకా బల్ల కిందే ఉన్నాయి. ఆ పరీక్ష పేరే ఈఏపీసెట్‌గా మారిపోయినా పుస్తకాలు కదల్లేదు. చిన్నాడి క్రికెట్ బ్యాటు, తీగ తెగిన అమ్మాయి వీణ, ఇద్దరు మోస్తే తప్ప లేవని పెళ్లి ఆల్బములు, మనవరాలి ఉయ్యాల, అమెరికా వెళ్తూ 'మళ్లీ వచ్చినప్పుడు చూస్తా' అని వదిలిన సూట్‌కేసులు. బెంగళూరు ఫ్లాటులో తెల్లగోడ, దాని ముందు ఒక్క కుర్చీ, ఒక్క మొక్క పెట్టి, తక్కువ వస్తువులతో బతకడంలో ఉన్న ప్రశాంతత గురించి పోస్టు రాసే కుర్రాడి సామానంతా తెనాలిలో ఉంటుంది. అద్దె లేదు, కాపలా ఉచితం, ఏడాదికోసారి బొద్దింకల మందు కూడా గోడౌన్ యజమానురాలే కొడుతుంది. "తీసేయమంటావా" అని ఆవిడ ఫోనులో అడిగితే మాత్రం "అయ్యో వద్దమ్మా, నా చిన్నప్పటి జ్ఞాపకాలు" అంటాడు. జ్ఞాపకాలు వాడివి, దుమ్ము ఆవిడది.

చోటు పట్టని కానుకల విషయంలో పిల్లలకన్నా ప్రభుత్వాలే నయం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. కండక్టరు చేతిలో పెట్టే జీరో టికెట్టు వేలెడంత ఉంటుంది, బస్సు దిగాక దాని పనైపోతుంది. యాప్ లేదు, గడువు లేదు, 'వాడుకున్నావా' అని సాధించేవాళ్లు లేరు. అమ్మ చక్కగా అక్కాచెల్లెళ్లను చూసొస్తోంది. పిల్లలు ఫోను చేస్తే, "బస్సులో ఉన్నా, తర్వాత మాట్లాడతా" అంటోంది. ఈ మాట ఇన్నేళ్లూ పిల్లలు వాడుకున్నదే.

అందుచేత ఈసారి పండక్కి ఏం తీసుకెళ్లాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, ఏం తెచ్చుకోవాలో ఆలోచించండి. ఖాళీ కారుతో వెళ్లి నిండు కారుతో రండి. పుస్తకాలు, బ్యాటు, వీణ, సూట్‌కేసులు, ఆ ఉయ్యాల కూడా. అక్కడున్నప్పుడే, కారుతున్న కొళాయికి వాషరు వేయించండి, బ్యాంకులో కేవైసీ పని చేయించండి, ఫోనులో గులాబీలు తుడవండి. సాయంత్రం ఆవకాయ ముక్కలు తుడవడానికి పక్కన కూర్చోండి. ఫోటో మాత్రం తీయకండి.

ఇంత చెప్పినా ఉత్త చేతులతో వెళ్లడానికి మనసొప్పని వాళ్లకు ఒకే ఒక్క వెసులుబాటు. అమ్మ సంతోషంగా ఇంట్లోకి రానిచ్చే సామాను ఒకటుంది: ఆవిడ డబ్బాలు. పచ్చడి పోసి, సున్నుండలు పెట్టి, పొడులు కూరి ఏళ్ల తరబడి మీ వెంట పంపిన స్టీలు డబ్బాలు. మూతల మీద ఆవిడ పేరు కొట్టించి ఉంటుంది కాబట్టి మావి కావని బుకాయించలేరు. వెతికి, తోమి, మూతలు జత చేసి పట్టుకెళ్లండి. తీసుకున్న డబ్బా ఉత్తది తిరిగివ్వకూడదన్నది మన మర్యాద, అందులో ఏదో ఒకటి పెట్టాలి. ఆ ఏదో ఒకటి మీరే వండాలి. హోటల్ నుంచి తెప్పించిన కూరను స్టీలు డబ్బాలోకి మార్చడం వంట కిందికి రాదు. మొదటి ముద్దకే అమ్మ కనిపెట్టేస్తుంది, బాగుందనే చెబుతుంది, రాత్రికి మీకు అన్నం తనే వండుతుంది.